చదరంగ వృక్షపు కొమ్మల కత్తిరింపు

చిత్తూరు జిల్లా ఐరాల ప్రాంతంలో మామిడి తోటలు పెంచే రైతుకు కొమ్మలు కత్తిరించడం కొత్త విద్య కాదు. కాపు దిగిన తరువాత ఎండుకొమ్మలనూ, ఒకదానిపై ఒకటి పడి వెలుతురును అడ్డగించే కొమ్మలనూ తీసివేస్తాడు. ఎండుకొమ్మను తీయడంలో సందేహం లేదు. అది ఇక కాయదని అందరికీ తెలుసు. పచ్చికొమ్మ దగ్గర మాత్రం చేయి కొంచెం ఆగుతుంది. ఆ కొమ్మే వచ్చే యేడు విరగకాచునేమో! కంప్యూటరు చేత చదరంగం ఆడించబూనిన వారికి డెబ్బై ఏళ్ళకు పైగా ఎదురవుతున్న సమస్య కూడా ఇట్టిదే. ఏ కొమ్మ ఎండినదని రుజువు చేయవచ్చును? ఏ కొమ్మను కేవలం అంచనా మీద నరకవలసి వస్తుంది? ఈ రెండింటి నడుమ నడిచిన చరిత్రలో, నాటి చిత్తూరు జిల్లాలోనే పుట్టిన ఒక శాస్త్రజ్ఞునికి కూడా స్థానం కలదు.

ముందుగా ఆ వృక్షం ఎట్టిదో చూద్దాము. ఆట మొదట్లో తెల్లకాయల వానికి 20 ఎత్తులు ఉన్నవి. ఎనిమిది బంట్లలో ప్రతిదీ ఒక గడిగాని రెండు గళ్ళుగాని పోవచ్చును, అవి పదహారు. రెండు గుర్రాలకు రెండేసి చొప్పున నాలుగు. నల్లకాయల వానికి కూడా అన్నే పైయెత్తులు. కనుక ఎత్తుకు పైయెత్తు పడేసరికి 400 దారులు ఏర్పడినవి. మూడవ ఎత్తుకు అవి 8,902; నాలుగవ ఎత్తుకు 1,97,281; అయిదవ దానికి 48,65,609; ఆరవ దానికి 11,90,60,324. ఇవి ఊహించి చెప్పిన అంకెలు కావు, ఒక్కొక్కటిగా లెక్కించినవి. ఇంట్లో కూర్చొని సరదాకు చదరంగపు ప్రోగ్రాము రాసుకొనే వారు తమ ప్రోగ్రాము కాయలను నియమం తప్పకుండా నడుపుతున్నదో లేదో తెలుసుకొనడానికి మొట్టమొదట సరిచూసుకొనేది ఈ అంకెలనే. ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో తప్పు ఉన్నదన్నమాట.

ఈ వృక్షాన్ని శాస్త్రీయంగా తూచి చూసినవాడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన క్లాడ్ షానన్. 1950లో ప్రచురించిన వ్యాసంలో ఆయన ఒక సగటు స్థితిలో సుమారు 30 ఎత్తులు ఉంటవని తీసుకొన్నాడు. ఎత్తు, పైయెత్తు కలిసి సుమారు వేయి దారులు. ఆట నలభై జతల ఎత్తులు సాగితే, మొత్తం దారుల సంఖ్య ఒకటి వేసి పక్కన 120 సున్నాలు పెట్టినంత! చెట్టునంతటినీ చూసి ఆడడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. కనుక కొంత లోతు వరకే చూసి, అక్కడ కాయల బలాబలాలను బట్టి మార్కులు వేసి, ఆ మార్కులను కింది నుంచి పైకి తీసుకొని రావలెను. తన వంతు వచ్చిన చోట మిక్కిలి ఎక్కువ మార్కులున్న కొమ్మను, ఎదుటివాని వంతు వచ్చిన చోట మిక్కిలి తక్కువ మార్కులున్న కొమ్మను ఎంచుకొనవలెను. ఎదుటివాడు మన మేలు కోరడు గదా.

షానన్ రెండు మార్గాలు సూచించాడు. ఒకటి, నిర్ణీతమైన లోతు వరకు అన్ని కొమ్మలనూ చూడడం. రెండవది, మనుష్యుని వలె మంచివిగా కనిపించే కొన్ని ఎత్తులనే ఎంచుకొని వానినే లోతుగా చూడడం. ఆయనకు రెండవదానిపైనే నమ్మకం ఎక్కువ. ఆనాటి యంత్రాల వేగాన్ని చూచిన వారెవరికైనా అట్లే తోచేది.

ఈ రెండవ మార్గంలోనే నడిచాడు ఐ.బి.యం. సంస్థకు చెందిన అలెక్స్ బెర్న్‌స్టైన్. ఐ.బి.యం. 704 యంత్రంపై ఆయన బృందం 1957–58 ప్రాంతంలో నడిపిన ప్రోగ్రాము ప్రతి స్థితిలోను ఏడు ఎత్తులను మాత్రమే ఎంచుకొని, నాలుగు ఎత్తుల లోతు చూసేది. ఏడును నాలుగు మారులు గుణిస్తే 2,401 స్థితులు. వానిని చూడడానికే ఆ యంత్రానికి ఎత్తుకు ఎనిమిది నిముషాలు పట్టేది. ఆ ఏడింటిలో లేని ఎనిమిదవ ఎత్తే ఆటను గెలిపించేదయితే? అది ప్రోగ్రాముకు కనబడనే కనబడదు. పచ్చికొమ్మను నరికినట్లే.

1956లో డార్ట్‌మత్ కళాశాలలో కృత్రిమ మేధస్సుపై జరిగిన వేసవి గోష్ఠిలో బెర్న్‌స్టైన్ తన ప్రయత్నాన్ని వివరించాడు. ఆ గోష్ఠిని ఏర్పాటు చేసిన వారిలో ఒకడైన జాన్ మెకార్తీ దానిని విని, ఈ ప్రోగ్రాము చూడనక్కరలేని స్థితులను కూడా చూస్తున్నదని అభిప్రాయపడ్డాడు. బెర్న్‌స్టైన్ ఒప్పుకొనలేదు. కాని తరువాత ‘ఆల్ఫా–బీటా’ అనే పేరుతో ప్రసిద్ధి పొందిన పద్ధతికి మూలం ఆ అభిప్రాయంలోనే ఉన్నది. నిజానికి ఇది ఒక్కరి సొత్తు కాదు. అదే కాలంలో ఇతరులు కూడా విడివిడిగా ఈ ఆలోచనకు చేరుకొన్నారు. రష్యాలో అలెగ్జాండర్ బ్రూడ్నో 1963లో దీనిని గణితరీత్యా వివరించి ప్రచురించాడు.

పేరు కొత్తగా ఉన్నా విషయం హైస్కూలు విద్యార్థికి అందనిది కాదు. తెల్లకాయల వానికి రెండు ఎత్తులు ఉన్నవనుకొందాము. మొదటిది శకటాన్ని జరపడం. దానికి నల్లకాయల వాడు వేయగల పైయెత్తులన్నిటినీ పరీక్షించగా, వాడు ఎంత బాగా ఆడినా తెల్లవానికి నష్టం లేదని తేలింది. ఇప్పుడు రెండవది, గుర్రాన్ని దూకించడం. దీనికి నల్లవాని పైయెత్తులు ముప్పది. వానిలో మొదటిదానిని చూడగానే తెల్ల ఏనుగు ఊరికే పోతుందని తెలిసింది. మిగిలిన ఇరవైతొమ్మిదింటినీ చూడవలెనా? అక్కరలేదు. వానిలో ఇంతకంటె ఘోరమైనవి ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఎట్లయినా ఏనుగును పట్టే అవకాశాన్ని నల్లవాడు వదులుకొనడు. కనుక గుర్రపు ఎత్తు శకటపు ఎత్తుకంటె తీసికట్టని అప్పుడే రుజువైపోయింది. ఎంత తీసికట్టో తెలియదు; తెలియవలసిన అవసరమూ లేదు. తనకు ఇప్పటికే ఖాయమైన మార్కులను ‘ఆల్ఫా’ అనీ, ఎదుటివాడు ఇంతకు మించి రానీయడనే హద్దును ‘బీటా’ అనీ గుర్తుపెట్టుకొంటూ పోతే, ఈ తర్కం చెట్టు పొడవునా పని చేస్తుంది.

ఇది ఎండుకొమ్మ కత్తిరింపు. చెట్టునంతటినీ చూస్తే ఏ ఎత్తు వచ్చేదో, కత్తిరించి చూసినా అంతే మంచి ఎత్తు వస్తుంది. ఒక్క మార్కు కూడా తేడా రాదు.

దీనివల్ల ఎంత ఆదా? స్థితికి 30 ఎత్తుల చొప్పున నాలుగు ఎత్తుల లోతుకు చెట్టు చివర 8,10,000 స్థితులు ఉంటవి. ఆల్ఫా–బీటా మిక్కిలి బాగా పని చేస్తే వానిలో 1,799 చూస్తే చాలును. ఆరు ఎత్తుల లోతుకు 72,90,00,000కు బదులు 53,999 చాలును. అనగా అదే కాలంలో సుమారు రెట్టింపు లోతు చూడవచ్చునన్నమాట. 1975లో డొనాల్డ్ క్నూత్, రోనాల్డ్ మూర్ ఈ పద్ధతిని సమగ్రంగా విశ్లేషించి, ఇంతకంటె తక్కువ చూసి జవాబు రుజువు చేయడం ఎందుకు సాధ్యం కాదో చూపించారు.

అయితే ‘మిక్కిలి బాగా పని చేస్తే’ అన్న మాటలోనే చిక్కంతా ఉన్నది. పై ఉదాహరణలో శకటపు ఎత్తును ముందు చూడడం వల్లనే గుర్రపు ఎత్తు వెంటనే తెగింది. ఏనుగును పట్టే పైయెత్తు ముప్పదింటిలో చివరిదై ఉంటే ఆదా ఏమీ లేదు. మంచి ఎత్తులు ఎంత ముందు వస్తే చెట్టు అంత చిన్నది. ఎల్లప్పుడు చెడ్డవే ముందు వస్తే ఒక్క రెమ్మ కూడా తెగదు. మంచి ఎత్తు ఏదో ముందే తెలిస్తే ఇక వెదకడమెందుకని పాఠకులకు తోచవచ్చును. తెలియనక్కరలేదు, మంచిదయ్యే అవకాశమున్నది ముందు చూస్తే చాలును. ఊహ తప్పితే కాలం వృథా అవుతుందే కాని జవాబు చెడదు. బెర్న్‌స్టైన్ ఊహ తప్పితే జవాబే చెడేది. చదరంగపు జ్ఞానాన్ని కొమ్మలు నరకడానికి కాక వరుస పేర్చడానికి వాడుకొన్నప్పుడు, ఆ జ్ఞానం కొరవడినా ప్రమాదం లేదు.

ఈ రెండు మార్గాలకూ ముఖాముఖి పరీక్ష 1966 చివర మొదలయింది. అప్పటికి మెకార్తీ కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. ఎం.ఐ.టి.లో అలన్ కోటోక్, ఇతర విద్యార్థులు రాసిన ప్రోగ్రామును ఆయన అక్కడికి తెచ్చి మెరుగుపరచాడు. దానికి ఆల్ఫా–బీటాతో పాటు నరుకుడు కూడా ఉన్నది: మొదట నాలుగు ఎత్తులు, తరువాత మూడు, తరువాత రెండు, ఇట్లు కొమ్మలను తగ్గించుకొంటూ పోయేది. ఎదుటి పక్షం మాస్కోలోని సైద్ధాంతిక, ప్రయోగాత్మక భౌతికశాస్త్ర సంస్థవారి ప్రోగ్రాము. అది కొమ్మలను ఊహ మీద నరకదు. తక్కువ లోతే అయినా అన్నిటినీ చూస్తుంది. ఎత్తులు తంతి ద్వారా అటూ ఇటూ పోతూ నాలుగు ఆటలు సుమారు తొమ్మిది నెలలు సాగినవి. మాస్కో ప్రోగ్రాము రెండు గెలిచి, రెండింటిని సమం చేసి, 3–1తో నెగ్గింది. పచ్చికొమ్మలు నరికినవాడు ఓడిపోయాడు.

ఆ 1966లోనే స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ వద్ద పరిశోధన ముగించి డాక్టరేటు పట్టం పొందిన తెలుగువారు దబ్బల రాజగోపాల్ రెడ్డిగారు. ప్రపంచం ఆయనను రాజ్ రెడ్డి అని ఎరుగును. 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. ఆ ఇంటిలో కళాశాల మెట్లెక్కిన వారిలో ఆయనే మొదటివారు. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో సివిల్ ఇంజనీరింగు పట్టం పొంది, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి ఐ.బి.యం. సంస్థలో పని చేసి, స్టాన్‌ఫర్డ్ చేరారు. ఆయన పరిశోధన చదరంగం మీద కాదు. మనుష్యుని మాటను యంత్రం చేత గ్రహింపజేయడం మీద. కాని ఆ పనిలో కూడా చివరకు ఎదురైనది చెట్టే.

మాట ఒక ధ్వనితరంగం. అందులోని ఒక తునక ‘ప’ కావచ్చును, ‘బ’ కావచ్చును. తరువాతి తునకకు మూడు అవకాశాలు ఉండవచ్చును. ఇట్లు ఒక చిన్న వాక్యం పూర్తయ్యేసరికి చదరంగాన్ని తలదన్నే వృక్షం తయారవుతుంది. రెడ్డిగారు 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరి, సహచరులతో కలిసి ‘హియర్సే’ అనే ప్రోగ్రామును నిర్మించారు. 1973లో ప్రచురితమైన దాని వివరణలో ఎంచుకొన్న రంగం ఏమిటనుకొన్నారు? చదరంగమే! ఆటగాడు తన ఎత్తును నోటితో చెపుతాడు. యంత్రం దానిని విని గ్రహించవలెను.

ఇక్కడ ఒక చక్కని మలుపు ఉన్నది. అదే విశ్వవిద్యాలయంలో జేమ్స్ గిలాగ్లీ అంతకు ముందే ‘టెక్’ అనే చదరంగపు ప్రోగ్రామును రాశాడు. హియర్సే దానిని సహాయంగా తీసుకొన్నది. బల్లమీద కాయలు ఎట్లున్నవో టెక్‌కు తెలుసు. అప్పుడు వేయదగిన ఎత్తులను, మంచివి ముందుగా, వరుసపెట్టి ఇవ్వగలదు. ఆ జాబితాలో గుర్రం రాజు పక్క గడికి పోయే ఎత్తే లేకపోతే, చెవికి అట్లు వినిపించినా ఆ మాటను నమ్మనక్కరలేదు. ఆ చదరంగ జ్ఞానాన్ని తీసివేసి పరీక్షిస్తే యంత్రపు గుర్తింపు తగ్గింది. చదరంగపు చెట్టు చిన్నదయి మాటల చెట్టును చిన్నది చేసిందన్నమాట. అయితే ఇందులో కూడా ఆ పాత ప్రమాదం పొంచి ఉన్నది. ఆటగాడు తెలివితక్కువ ఎత్తును చెప్పదలచుకొంటే, యంత్రం దాని కంటె మంచి ఎత్తునే విన్నాననుకొనే అవకాశం ఉన్నది.

1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధనా విభాగం అయిదేళ్ళ గడువు పెట్టి, వేయి మాటలతో కూడిన వాక్యాలను గ్రహించే యంత్రం కావలెనని కోరింది. 1976లో ఆ గమ్యాన్ని చేరినది రెడ్డిగారి విద్యార్థి బ్రూస్ లోయర్ నిర్మించిన ‘హార్పీ’. దానికి 1,011 మాటలు తెలుసు. చెప్పదగిన వాక్యాలన్నిటినీ సుమారు పదిహేనువేల గంట్లు గల ఒకే వలగా అల్లి, ధ్వని సాగుతున్నకొద్దీ ఆ వలలో దారులు వెదకేది. ప్రతి అడుగులోను అన్నిటికంటె బాగున్న దారిని, దానికి దగ్గరగా ఉన్న కొద్ది దారులను మాత్రమే ఉంచుకొని, తక్కినవానిని వదిలివేసేది. వెనుకకు పోయి చూడడం లేదు. చీకటిలో టార్చిలైటు వెలుగు పడినంత మేర మాత్రమే చూస్తూ నడిచినట్లు ఉంటుంది కనుక దీనికి ‘బీమ్ సెర్చ్’ అనే పేరు వచ్చింది. కిరణపుంజ అన్వేషణ అనవచ్చును.

ఇది రుజువుతో చేసిన కత్తిరింపు కాదు. సరియైన వాక్యం మధ్యలో ఒక దగ్గు వల్ల క్షణకాలం వెనుకబడితే, అది వెలుగు దాటిపోయి మరి తిరిగి రాదు. చదరంగంలో ఓడిన మార్గమే ఇక్కడ గెలిచింది! కారణం ఆలోచించదగినది. చదరంగంలో ఎదురుగా ఒక శత్రువు ఉన్నాడు. మనం చూడని కొమ్మనే అతడు వెదకి పట్టుకొంటాడు. మాట్లాడేవాడు శత్రువు కాడు. అర్థం కావలెననే కోరుతాడు. అందువల్ల సరియైన దారి చాలా మటుకు ముందు వరుసలోనే ఉంటుంది.

ఇంతలో చదరంగపు ప్రోగ్రాములు ఇండ్లలోకి వచ్చినవి. 1976లో పీటర్ జెన్నింగ్స్ రాసిన ‘మైక్రోచెస్’ సుమారు ఒక కిలోబైటు జ్ఞాపకశక్తి గల బోర్డుపై నడిచేది. 1978లో డాన్, కాథ్లీన్ స్ప్రాక్లెన్ దంపతులు ఇంట్లో రాసిన ‘సార్గన్’ చిన్న కంప్యూటర్ల తొలి చదరంగపు పోటీలో గెలిచింది. పెద్ద యంత్రం లేనివానికి చెట్టును చిన్నది చేయడం తప్ప గత్యంతరం లేదు. అందుకు కావలసిన ఉపాయాలను విశ్వవిద్యాలయాల వారు, ఇంటి ప్రోగ్రాము రచయితలు కలిసి పోగుచేశారు.

వానిలో కొన్ని ఎండుకొమ్మల జాతివి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ స్లేట్, లారీ ఆట్కిన్ 1973లో తమ ప్రోగ్రాములోని నరుకుడును పూర్తిగా మానివేసి, అన్ని కొమ్మలనూ చూసే మార్గానికి మారారు. వారు ముందు ఒక ఎత్తు లోతు, తరువాత రెండు, తరువాత మూడు, ఇట్లు చూసుకొంటూ పోయారు. చూసినదే చూడడం వృథా అనిపించును. కాని తక్కువ లోతు చెట్లు చాలా చిన్నవి. వానిలో గెలిచిన ఎత్తును తరువాతి మారు ముందు పెడితే ఆ ఖర్చు తిరిగి వస్తుంది.

మరియొక ఉపాయం ఒకసారి చూసిన స్థితిని గుర్తుపెట్టుకొనడం. రాజు ముందరి బంటును, తరువాత గుర్రాన్ని నడిపినా, వరుస మార్చి నడిపినా ఒకే స్థితికి చేరవచ్చును. 1967లో పోటీలలో ఆడిన రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ ప్రోగ్రాములో ఇట్టి పట్టిక ఉన్నది. స్థితిని వేగంగా గుర్తించే పద్ధతిని 1970లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ చెప్పాడు. పన్నెండు రకాల కాయలకు అరవైనాలుగు గళ్ళలో ఒక్కొక్క దానికి, మొత్తం 768 పెద్ద సంఖ్యలను చీట్లు తీసినట్లు ఏరి పెట్టుకొంటారు. బల్లమీద ఉన్న కాయల సంఖ్యలను ద్వ్యంశమానంలో, చేతికి మిగిలినది లేకుండా, కూడితే స్థితికి ఒక గుర్తు సంఖ్య వస్తుంది. ఈ కూడికలో ఒకే సంఖ్యను రెండవసారి కూడితే అది తుడిచిపెట్టుకొనిపోతుంది. కనుక కాయ కదిలినప్పుడు పాత గడి సంఖ్యను, కొత్త గడి సంఖ్యను కలిపితే చాలును. ఇంత చిన్న బీజగణితం ఇంత పని చేయడం ముచ్చటగా ఉంటుంది.

పచ్చికొమ్మల నరుకుడు కూడా మరల వచ్చింది, ఈసారి జాగ్రత్తతో. 1993లో ఆస్ట్రియాకు చెందిన క్రిస్టియన్ డానింగర్ రాసిన వ్యాసం వల్ల ‘శూన్యపు ఎత్తు’ ఇంటి రచయితలందరికీ చేరింది. నా వంతును ఊరికే వదిలివేసినా, ఎదుటివాడు వరుసగా రెండు ఎత్తులు వేసినా, నా స్థితి ఇంకా బాగానే ఉంటే, నిజంగా ఎత్తు వేస్తే మరింత బాగుండక తప్పదు గదా? అట్టి కొమ్మను లోతు తగ్గించి చూసి వదిలివేయవచ్చును. చెట్టు ఎంతో తగ్గుతుంది. కాని ఆట చివర రాజు, బంట్లు మాత్రమే మిగిలినప్పుడు ఎత్తు వేయవలసి రావడమే నష్టమయ్యే స్థితులు కలవు; కదలకుండా ఉండగలిగితే సమం, కదిలితే ఆట కట్టు. అక్కడ ఈ ఉపాయం మోసపుచ్చుతుంది. అందుచేత అట్టి స్థితులలో దీనిని వాడరు.

రెడ్డిగారు అమెరికా కృత్రిమ మేధస్సు సంఘానికి అధ్యక్షులుగా 1988లో చేసిన ప్రసంగంలో, సాధించవలసిన మహాకార్యాలలో ప్రపంచ విజేతను ఓడించే చదరంగ యంత్రాన్ని చేర్చారు. ఆ యేడే వారి విశ్వవిద్యాలయపు విద్యార్థులు నిర్మించిన ‘డీప్ థాట్’ బెంట్ లార్సెన్‌ను ఓడించింది. పోటీలో ఒక గ్రాండ్‌మాస్టరు యంత్రానికి ఓడిపోవడం అప్పటికి కొత్త. దాని నిర్మాతలలో భారతీయుడైన థామస్ అనంతరామన్ కూడా ఉన్నాడు. ఒక స్థితిలో ఒకే ఒక్క ఎత్తు తక్కినవానికంటె స్పష్టంగా మిన్న అయితే, ఆ కొమ్మను కత్తిరించకపోగా ఇంకా పొడిగించి చూడవలెనని వారు కనుగొన్నారు. ఆ బృందంలోని వారు ఐ.బి.యం.లో చేరి నిర్మించిన ‘డీప్ బ్లూ’ సెకండుకు ఇరవై కోట్ల స్థితులు చూస్తూ, 1997 మే 11న గారీ కాస్పరోవ్‌పై 3½–2½తో గెలిచింది. రెడ్డిగారికి 1994 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానం ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి లభించింది.

పాఠశాలలో కంప్యూటరు ఉన్న ఉపాధ్యాయులు ఈ విషయాన్ని చదరంగం రాని పిల్లలకు కూడా చేసి చూపవచ్చును. తొమ్మిది గళ్ళలో సున్నా, ఇంటూ గుర్తులు పెట్టే ఆట చాలును. ఖాళీ గళ్ళతో మొదలుపెట్టి చెట్టునంతటినీ నడిస్తే 5,49,946 స్థితులు తగులుతవి. ఆల్ఫా–బీటా చేర్చి మరల నడిపి రెండింటిని పోల్చవలెను. జవాబు రెండు మారులూ ‘సమం’ అనే రావలెను. రాకపోతే ఎక్కడో పచ్చికొమ్మ తెగినట్లు. స్థితుల లెక్క మాత్రం ఇరవయ్యో వంతుకంటె తక్కువకు దిగుతుంది. చూసిన స్థితిని మరల చూడకుండా పట్టికలో రాసుకొంటే ఇంకా దిగుతుంది. ఎందుకనగా ఆ ఆటలో ఒకదానితో ఒకటి పోలని స్థితులు మొత్తం 5,478 మాత్రమే.